బొంబాయి మిల్లు కార్మికులు ఎర్రజెండాను నమ్మారా, జీతం కోసమే పట్టుకున్నారా?

సాంచె చప్పుడు:
1928లో బొంబాయి బట్టల మిల్లుల్లో లక్షన్నర మంది దాదాపు ఆరు నెలలు సమ్మె చేశారు. ఎర్రజెండా పట్టిన మిల్లు కార్మికుల సంఘం గిర్నీ కామ్‌గార్ యూనియన్ ఆ సమ్మెలోనే పుట్టి పెరిగింది. ఆ మిల్లుల ప్రాంతమైన పరేల్‌లోనే 1970లో కమ్యూనిస్టు ఎమ్మెల్యే కృష్ణ దేశాయ్ హత్యకు గురైతే, ఉప ఎన్నికలో ఆయన భార్య సరోజిని ఓడిపోయి, కమ్యూనిస్టులకు బద్ధ వ్యతిరేకి అయిన శివసేన గెలిచింది. కాబట్టి జెండా జీతం కోసమే, సిద్ధాంతం నాయకులదే అంటాను.

వర్లీ పద్మశాలి:
ఒప్పుకోను. సరోజిని ఓడింది స్వల్ప తేడాతోనే. ఆమెకు ఓటేసిన వేలమందిని లెక్కలోంచి తీసేస్తారా? 1928 గొడవ కూడా జీతం ఒక్కదానిదే కాదు. రెండు మగ్గాలు చూసే నేత కార్మికుడికి మూడు అప్పగిస్తామన్నారు. ఎవరి పని ఉండాలి, ఎవరిది పోవాలి అన్నది యజమాని ఒక్కడే తేల్చకూడదని పోరాడటం రాజకీయం కాకపోతే మరేంటి? తెలంగాణ నుంచి వెళ్లిన మా పద్మశాలీలు ఎంతోమంది ఆ మగ్గాల మీదే బతికారు. అందుకే "జీతం కోసమే" అంటే మనసు ఒప్పదు.

ఇంకోటి, 1938 నవంబర్ 7. ఆ ఒక్కరోజు సమ్మెలో జీతం ఊసే లేదు. సమ్మె హక్కుకు కళ్లెం వేసే పారిశ్రామిక వివాదాల బిల్లు మీద అంబేడ్కర్, కమ్యూనిస్టులు కలిసి పిలుపిచ్చారు.

పాత పేపర్లు:
అంబేడ్కర్ పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నా: ఎవరి నమ్మకం గురించి మాట్లాడుతున్నాం? అప్పట్లో నాడెలో (మగ్గంలో అటూ ఇటూ దారం మోసే పరికరం) కండె, అంటే దారం చుట్టిన గొట్టం, మార్చినప్పుడల్లా దారం కొసను నోటితో పీల్చి లాగాలి. దళితుడు నోరు పెట్టిన నాడె మేం ముట్టుకోమన్నారు తోటి కార్మికులు. దాంతో ఎక్కువ జీతం దొరికే నేత విభాగంలోకి దళితులకు ప్రవేశం లేదు. 1928లో దీన్ని కూడా డిమాండ్లలో చేర్చాలని అంబేడ్కర్ పట్టుబడితే, సమ్మె నాయకులు అయిష్టంగానే ఒప్పుకున్నారు. జెండా ఎర్రదే, నాడె దగ్గర మాత్రం కులం కదల్లేదు. శివసేన వచ్చాకే కార్మికుడు మారిపోయాడనడం నాకు సరిగా తోచదు.

వర్లీ పద్మశాలి:
నాడె విషయం నిజం, దాన్ని కాదనను. అయినా అదే మిల్లు కార్మికుడు పదేళ్లకు అంబేడ్కర్ పిలుపు మీద మిల్లు ఆపాడు. 1982 సమ్మెలో రెండున్నర లక్షల మంది కమ్యూనిస్టు కాని కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెంట నడిచారు. ప్రభుత్వం గుర్తించిన యూనియన్ మాకొద్దు, మా యూనియన్‌ను మేమే ఎన్నుకుంటాం అన్నారు. ఆ మాట ఏ పార్టీ పుస్తకంలోంచి వచ్చిందో చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.