తోషిరో ముతో పదవులకు తెలుగు పేర్లు చెప్పగలరా?

టోక్యో 2020 ఒలింపిక్స్ నిర్వహణ కమిటీ సీఈఓగా పనిచేసిన తోషిరో ముతో మీద తెలుగులో వ్యాసం రాస్తూ రెండు మాటల దగ్గర ఆగాను.

2000-2003 మధ్య ఆయన జపాన్ ఆర్థికశాఖలో 'జిము జికన్'. ఇంగ్లిషులో వైస్ మినిస్టర్ అంటారు కానీ, 'ఉపమంత్రి' అని రాస్తే రాజకీయ నాయకుడనుకుంటారు. అది మన ఐఏఎస్‌ల కార్యదర్శి కుర్చీ లాంటిది. 2008లో బ్యాంక్ ఆఫ్ జపాన్ (అక్కడి కేంద్ర బ్యాంకు) గవర్నర్‌గా ఆయన్ని పార్లమెంటు ఎగువసభ తిరస్కరించింది కూడా ఈ ఆర్థికశాఖ ముద్ర వల్లే. మరి 'ఆర్థిక కార్యదర్శి' అంటే సరిపోతుందా?

కమిటీలో ఆయన హోదా 'జిము సోచో'. అధ్యక్షులు వేరు: 2021 ఫిబ్రవరి దాకా యోషిరో మోరి, తర్వాత సెయికో హషిమోతో. 'ప్రధాన కార్యదర్శి' అంటే పార్టీ పదవిలా ఉంది! జపనీస్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.