క్లినిక్‌లో డెంటల్ హైజీనిస్టు బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న: ఒక దంత వైద్యురాలు

మా క్లినిక్‌లో ఇద్దరు దంత వైద్యులం, ఒక హైజీనిస్టు పనిచేస్తున్నాం. ఇంతవరకు ఆమె చేస్తున్నది ప్రధానంగా గార తీయడం, పళ్ళు పాలిష్ చేయడం, బ్రష్ వాడవలసిన తీరు వివరించడం. ఇప్పుడు ఆమె మరో రెండు బాధ్యతలు అడుగుతున్నారు. మొదటిది, పెద్దవాళ్ళందరికీ చిగుళ్ళ కొలతలు పూర్తిగా తీసి నమోదు చేయడం. రెండవది, చిగుళ్ళ వ్యాధికి చికిత్స పూర్తయినవారిని నిర్ణీత వ్యవధిలో పిలిపించి తానే చూసుకోవడం. ఆమె నైపుణ్యం మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. అయితే కొలిచినవారే రోగికి ఫలితం కూడా చెప్పడం మొదలుపెడితే, రోగ నిర్ధారణ బాధ్యత ఎవరిదో తేలని పరిస్థితి వస్తుందని నా సహవైద్యుడు సంకోచిస్తున్నారు. ఆ మాటను తేలికగా కొట్టివేయలేను. ఇటువంటి ఏర్పాటును ఇప్పటికే అమలు చేస్తున్నవారు ఆ హద్దును ఎక్కడ పెట్టుకున్నారో, సమయాన్ని ఎలా సర్దుకున్నారో దయచేసి చెప్పండి.

జవాబు: చిగుళ్ళ వ్యాధుల నిపుణుడు

మీ సహవైద్యుడి సందేహం సహేతుకమైనదే, కానీ దాని కోసం కొలతలను ఆపుకోనవసరం లేదు. కొలవడం వేరు, ఆ కొలతలను బట్టి వ్యాధిని నిర్ధారించడం వేరు. ఒక్కొక్క పన్ను చుట్టూ ఆరు చోట్ల ప్రోబ్‌తో (కొలత గీతలున్న సన్నని పరికరం) పన్నుకూ చిగురుకూ మధ్య సందు లోతు చూస్తే, 28 పళ్ళున్నవారికి 168 అంకెలు వస్తాయి. వాటితోపాటు ఎక్కడ రక్తం కారిందో, చిగురు ఎంత వెనక్కి తగ్గిందో, ఏ పన్ను కదులుతోందో, దవడ పళ్ళ వేర్ల మధ్య సందు బయటపడిందో లేదో రాసుకోవాలి. వైద్యుడు హడావిడిగా నాలుగు చోట్ల చూసి వదిలేయడం కంటే, శిక్షణ పొందిన హైజీనిస్టు ప్రతిసారీ ఒకే పద్ధతిలో ఈ పని పూర్తి చేయడమే రోగికి మేలు. ప్రోబ్ పట్టే చేయి మారితే ఒక మిల్లీమీటరు వరకు తేడా రావడం సాధారణం. కాబట్టి ఒకే వ్యక్తి ఏళ్ళ తరబడి తీసిన కొలతలను పోల్చి చూసినప్పుడు, వ్యాధి నిజంగా ముదిరిందా లేదా అన్నది మరింత నమ్మకంగా తెలుస్తుంది.

నిర్ధారణ మాత్రం వైద్యుడిదే. 2017లో జరిగిన అంతర్జాతీయ సదస్సు రూపొందించి, 2018లో ప్రచురించిన వర్గీకరణ ప్రకారం చిగుళ్ళ వ్యాధిని తీవ్రతను బట్టి నాలుగు దశలుగా, ముదిరే వేగాన్ని బట్టి మూడు గ్రేడులుగా విభజిస్తున్నాం. ఆ గ్రేడును నిర్ణయించేటప్పుడు రోజుకు 10 లేదా అంతకంటే ఎక్కువ సిగరెట్లు తాగుతున్నారా, మధుమేహం ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు రక్త చక్కెరను తెలిపే పరీక్ష) 7 శాతమో అంతకు మించో ఉందా అన్న వివరాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఈ వివరాలు అడిగి సేకరించేది హైజీనిస్టు. ఎక్స్‌రేలతో కలిపి చూసి దశను, గ్రేడును రాసి సంతకం చేసేది వైద్యుడు. మా దగ్గర పాటించే హద్దు ఇదే: "ఇక్కడ లోతు 6 మిల్లీమీటర్లు ఉంది, రక్తం కూడా కారింది" అని హైజీనిస్టు రోగికి చెప్పవచ్చు. "ఈ పన్ను నిలుస్తుందా?" అని రోగి అడిగితే వైద్యుడిని పిలవాలి.

ఇక రెండవ బాధ్యత నా దృష్టిలో మొదటిదానికంటే ముఖ్యమైనది. స్వీడన్‌లో ఆక్సెల్సన్, లిండే బృందం క్రమం తప్పని నివారణ సంరక్షణలో ఉన్న పెద్దవాళ్ళను 30 ఏళ్ళపాటు పరిశీలించి, 2004లో ఫలితాలు ప్రచురించింది. వారు కోల్పోయిన పళ్ళు చాలా తక్కువ. చికిత్స ఎంత బాగా చేసినా, ఆ తరువాత పిలిపించి చూసేవారు లేకపోతే పాకెట్లు (పన్నుకూ చిగురుకూ మధ్య ఏర్పడే సందులు) మళ్ళీ లోతవుతాయి. వైద్యులమైన మనం ఈ పనిని ఎప్పుడూ చివరికి నెట్టేస్తాం. ఆమె తానుగా అడుగుతున్నారంటే వెంటనే అప్పగించండి.

జవాబు: ఒక హైజీనిస్టు

సమయం గురించి చెబుతాను. స్కేలింగుకు, అంటే గార తీయడానికి ఇచ్చే అరగంటలోనే ఈ పనులన్నీ ఇరికించవద్దని నా మనవి. మొదటిసారి వచ్చినవారికి గంట కావాలి. కొలతలు చెబుతుంటే రాసుకునే సహాయకురాలు పక్కన ఉంటే సమయం బాగా కలిసివస్తుంది. చేతి తొడుగులు మార్చుకుంటూ నేనే కంప్యూటరులో నమోదు చేయవలసి వస్తే అంకెలు తప్పుపడతాయి.

1906లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే దంత వైద్యుడు తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు ఈ పని నేర్పింది వ్యాధి రాకుండా చూడడానికే. ఆయన తరువాత పెట్టిన శిక్షణలో తయారైన మొదటి హైజీనిస్టులలో పలువురు బడి పిల్లల పళ్ళు శుభ్రం చేస్తూ, వారికి పాఠాలు చెప్పారు. అందువల్ల రోగితో మాట్లాడే సమయాన్ని వృథాగా లెక్కించకండి. పొగతాగేవారిలో రక్తం తక్కువగా కారుతుంది కాబట్టి తమ చిగుళ్ళు బాగానే ఉన్నాయని వారు నమ్ముతారు. వారికి కొలతలు చూపించి వివరించాలి. పళ్ళ సందుల్లో వాడే బ్రష్ ఏ సందుకు ఏ సైజు సరిపోతుందో నోట్లో పెట్టి చూపించాలి. రెండు వారాలు దాటినా మానని పుండు కనిపిస్తే ఆ రోజే వైద్యుడికి చూపించాలి. మాకు ఈ పనులన్నీ వచ్చు, లేనిది సమయమే.

జవాబు: మరొక దంత వైద్యుడు

చట్టాన్ని ముందుగా చూసుకోండి. ఈ వృత్తి పరిధి దేశానికో తీరుగా, కొన్నిచోట్ల రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 1971లోనే హైజీనిస్టులకు మత్తు సూది ఇచ్చే అనుమతినిచ్చింది. బ్రిటన్‌లో 2013 నుంచి దంత వైద్యుడి సిఫారసు లేకుండానే రోగులు నేరుగా హైజీనిస్టును కలవవచ్చు. అనేక చోట్ల మాత్రం వైద్యుడి పర్యవేక్షణ తప్పనిసరి. మీ డెంటల్ కౌన్సిల్ నిబంధనలలో ఏ పనికి ఏ స్థాయి పర్యవేక్షణ కావాలో చదివి, దాని ప్రకారం బాధ్యతలను లిఖితపూర్వకంగా రాసుకుంటే మీ సహవైద్యుడికి కూడా ధీమాగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మొదటిసారి వచ్చేవారికి గంట కేటాయించి, రాసుకోవడానికి సహాయకురాలిని ఇస్తాను. ఒక్క సందేహం మిగిలింది: ఇంప్లాంట్లు (దవడ ఎముకలో అమర్చిన కృత్రిమ పంటి వేర్లు) ఉన్నవారిని కూడా ఆమెకే అప్పగించవచ్చా?

జవాబు: చిగుళ్ళ వ్యాధుల నిపుణుడు

అప్పగించవచ్చు, కానీ ముందుగా ఒక పని మీరు చేయాలి. ఇంప్లాంటు మీద క్యాపు బిగించిన తరువాత ఎక్స్‌రే తీసి, చుట్టూ లోతు కొలిచి నమోదు చేయండి. ఆరోగ్యంగా ఉన్న ఇంప్లాంటు చుట్టూ కూడా లోతు సహజంగానే పంటి చుట్టూ ఉన్నదానికంటే ఎక్కువగా ఉండవచ్చు కాబట్టి, ఆ తొలి కొలత లేనిదే తరువాతి అంకెలకు అర్థం ఉండదు. హైజీనిస్టు ప్రోబ్‌ను చాలా తేలికగా పట్టుకోవాలి. మామూలు స్టీలు స్కేలరుకు బదులు ఇంప్లాంటు ఉపరితలం మీద గీతలు పడనివ్వని ప్లాస్టిక్ లేదా టైటానియం పరికరాలు వాడాలి. రక్తంతోపాటు చీము కనిపించినా, తొలి కొలత కంటే లోతు పెరిగినా, శుభ్రం చేసి పంపించివేయకుండా అదే రోజు మీకు చూపించాలి. అప్పుడు కొత్త ఎక్స్‌రే తీసి, ఎముక తగ్గిందో లేదో పాతదానితో పోల్చి చూడండి.