మూత్రనాళం అంటే ఏ గొట్టం?

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నుంచి):
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి కోసం అంగీకార పత్రాన్ని తెలుగులో రాస్తున్నాను. ల్యాప్రోస్కోపీతో చేసే పెద్దపేగు ఆపరేషన్. యురేటర్‌కు దెబ్బ తగలకుండా ఫ్లోరసెన్స్ ఇమేజింగ్ (మందు ఎక్కించి, అది వెలగడాన్ని ప్రత్యేక కెమెరాలో చూడటం) వాడతామని అందులో ఒక పేరా ఉంది. 'ప్రతిదీప్తి చిత్రణ ద్వారా మూత్రనాళ సంరక్షణ' అని రాసి మా పిన్నికి చదివి వినిపించాను. "యూరిన్ పైపు వేసే చోటేనా?" అంది. ఎలా రాయమంటారు?

జవాబు (ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసే సభ్యురాలు):
పిన్నిగారి అనుమానం న్యాయమైనదేనండీ. పాఠ్యపుస్తకాల్లో యురేటర్ మూత్రనాళం, యురెత్రా ప్రసేకం. వార్డులో 'ప్రసేకం' అనేవాళ్లెవరు? రెండింటినీ మూత్రనాళమనే అనేస్తాం. పైపు వేసేది యురెత్రాలో, అంటే మూత్రసంచి నుంచి మూత్రం బయటికి వచ్చే దారిలో. మీ పత్రంలో ఉన్నది కిడ్నీ నుంచి మూత్రసంచికి దిగే గొట్టం. పక్కకొకటి, 25-30 సెంటీమీటర్ల పొడవు, కొన్ని మిల్లీమీటర్ల మందం. ఎడమది సరిగ్గా సిగ్మాయిడ్ పేగు (పెద్దపేగు చివర్లో ఉండే వంపు) వెనకే ఉంటుంది. పొట్ట కోసి చేసే ఆపరేషన్‌లో వేళ్లతో తడిమి చూస్తారు. కాస్త నొక్కితే వానపాములా మెలికలు తిరుగుతుంది, రక్తనాళమైతే అలా కదలదు. ల్యాప్రోస్కోపీలో చేతికి ఆ స్పర్శ లేదు. పైగా రేడియేషన్ తీసుకున్నవాళ్లకో, పాత ఆపరేషన్ ఉన్నవాళ్లకో లోపలంతా అతుక్కుపోయి ఉంటుంది. అప్పుడే డాక్టర్లకూ టెన్షన్. దెబ్బ తగలడం అరుదే, కానీ అప్పటికప్పుడు కనిపెట్టకపోతే మూత్రం పొట్టలోకి కారుతుంది.

ఈ ఇమేజింగ్‌కు సాధారణంగా వాడే మందు ఇండోసయనిన్ గ్రీన్, అంటే ఐసీజీ. నరానికి ఎక్కిస్తే లివర్ దాన్ని పైత్యరసంలోకి పంపేస్తుంది, మూత్రంలోకి రాదు. అందుకని యూరాలజిస్టు సిస్టోస్కోపు (మూత్రసంచి లోపల చూసే పరికరం) పెట్టి, సన్నని ట్యూబుతో నేరుగా ఆ గొట్టంలోకే ఎక్కిస్తారు. మిథిలీన్ బ్లూ అనే ఇంకో మందయితే కిడ్నీల గుండానే వస్తుంది గానీ దాని వెలుగు బలహీనం.

'సంరక్షణ' మాత్రం తీసేయండి. ఇది చూపిస్తుందంతే, కాపాడదు. కొవ్వు మందంగా ఉంటే సరిగ్గా చూపించదు కూడా.

జవాబు (నల్లకుంట నుంచి ఒక మాస్టారు):
ప్రతిదీప్తి మంచి మాటేనమ్మా. మీద వెలుతురు పడ్డంతసేపే బదులుగా వెలుగుతుంది, ఆపితే ఆగిపోతుంది. ఆపినా కాసేపు వెలిగేది స్ఫురదీప్తి. యురేటర్‌కు సంస్కృతంలో గవీని అని పాత మాట ఉంది. అథర్వవేదం మొదటి కాండలో, మూత్రం బిగిసినవాళ్ల కోసం చెప్పిన మూడో సూక్తంలో పేగులు, గవీనులు, వస్తి (మూత్రాశయం) ఒకే మంత్రంలో వస్తాయి. గవీని అక్కడ ద్వివచనం. మూత్రాన్ని మూత్రాశయానికి చేర్చే రెండు నాళాలని వ్యాఖ్యానం. మీ పత్రంలో రాయమని కాదు, రాస్తే పిన్నిగారు ఆపరేషనే వద్దంటారు!

ప్రశ్న వేసిన సభ్యురాలు:
మాస్టారూ, పిన్నికి చెప్పను లెండి. ఇలా మార్చాను: 'కిడ్నీల నుంచి మూత్రసంచికి మూత్రాన్ని తెచ్చే రెండు సన్నని గొట్టాలు పేగు వెనకే ఉంటాయి. వాటిని గుర్తుపట్టడానికి మెరిసే రంగుమందు ఎక్కిస్తాం. అయినా వాటికి దెబ్బ తగిలే అవకాశం పూర్తిగా పోదు.'

జవాబు (థియేటర్ సభ్యురాలు):
చివరి వాక్యం బాగుంది. 'మెరిసే' వద్దు. ఆ వెలుగు పరారుణానికి దగ్గరలో ఉంటుంది, మామూలు కంటికి ఆనదు. తెరమీద కనిపించే పచ్చరంగు కెమెరా వేసిందే. 'ప్రత్యేక కెమెరాలో మాత్రమే వెలుగుతూ కనిపించే మందు' అనండి. ఉత్త 'ఎక్కిస్తాం' అంటే సెలైన్‌లో అనుకుంటారు, 'మూత్రద్వారం గుండా సన్నని ట్యూబు పంపి' అని చేర్చండి. ఐసీజీలో కొద్దిగా అయోడైడ్ ఉంటుంది కాబట్టి, అయోడిన్ పడనివాళ్లు ముందే చెప్పాలని ఇంకో వాక్యం రాయండి. అది పెద్ద అక్షరాల్లో వేయించండి.