పెళ్లి వీడియోల పీసీకి ఎండదెబ్బ: టవర్ కూలరా, లిక్విడ్ కూలరా?

ఎడిటింగ్_పిచ్చోడు
అందరికీ నమస్కారం. ఖమ్మంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. పీసీలో ఐ7-12700 ప్రాసెసర్, బీ660 మదర్‌బోర్డు, ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన ఇంటెల్ కూలర్ ఉన్నాయి. చలికాలం ఎలాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడు గదిలో 38 డిగ్రీలు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రిజాల్వ్‌లో ఎక్స్‌పోర్ట్ పెట్టగానే ప్రాసెసర్ 100కు ఎక్కి అక్కడే కూర్చుంటోంది, స్పీడు పడిపోతోంది. ఫ్యాన్ గోల సరేసరి. ఏసీ మాట ముహూర్తాల సీజన్ డబ్బులు చేతికొచ్చాకే.

షాపాయన 240 ఎంఎం లిక్విడ్ కూలర్ (పంపుతో నీళ్లు తిప్పి వేడి లాగేది) వేయించుకోమంటున్నాడు, ఏడు వేలట. మా తమ్ముడేమో రెండున్నర వేల టవర్ కూలర్ (నిలువు రెక్కలకు ఫ్యాన్ బిగించిన గాలి కూలర్) చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

నీళ్లకుండ
ఇందులో ఆలోచించడానికేముంది అన్నా? 12700 మీద 65 వాట్లని రాసుంటుంది కానీ టర్బోలో 180 దాకా లాగుతుంది. ఖమ్మం ఎండలకు గాలి కూలర్లు ఆగవు. లిక్విడ్ వేసేయండి. నా పీసీలో ప్రాసెసర్‌ను పరీక్షించే సినీబెంచ్ పెడితే 70 దాటలేదు.

సీటీసీ_పాతకాపు
నీళ్లకుండ తమ్ముడూ, ఎంతసేపు నడిపావు సినీబెంచ్? కాగు పొయ్యి మీద పెట్టగానే మరగదు కదా. లిక్విడ్ కూలర్లో నీళ్లు వేడెక్కడానికీ టైం పడుతుంది, అందుకే మొదటి నిమిషాల్లో ఏ లిక్విడ్ కూలరైనా మహా గొప్పగా కనిపిస్తుంది. ఈయన నడిపేది గంటల తరబడి సాగే ఎక్స్‌పోర్ట్. అరగంట దాటాక ఎంత చూపిస్తుందో చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం.

ఎండకు గాలి కూలర్ ఆగదన్నదీ సగం మాటే. గది గాలి కంటే చల్లగా ఉంచడం టవర్ వల్లా కాదు, లిక్విడ్ వల్లా కాదు. గది 28 నుంచి 38కి పోయిందంటే, అవే వాట్ల దగ్గర చిప్ కూడా ఇంచుమించు పది డిగ్రీలు పెరుగుతుంది, ఏ కూలర్ కింద ఉన్నా సరే. ఆ మాటకొస్తే టవర్ కూలర్ రాగి గొట్టాల్లోనూ కాస్త ద్రవం ఉంటుంది. చిప్ దగ్గర ఆవిరై, రెక్కల దగ్గర చల్లబడి, మళ్లీ వెనక్కి వస్తుంది. దానికి పంపు అక్కర్లేదు. చెడిపోతే చెడిపోయేది 120 ఎంఎం ఫ్యాన్ ఒక్కటే, అది ఖమ్మంలోనూ దొరుకుతుంది. పెళ్లి డెలివరీ రేపనగా లిక్విడ్ కూలర్ పంపు ఆగిపోతే వారంటీ కాగితం పట్టుకుని ఏం చేస్తారు? కొరియర్ వెళ్లి వచ్చేసరికి పెళ్లివాళ్లు ఊరుకుంటారా?

షాపుల్లో ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి ఉంది. ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం భాగాలు సాకెట్ చుట్టూ ఉంటాయి. మీ పాత కూలర్ గాలి కిందికి ఊదుతుంది కాబట్టి వాటికీ కాస్త తగులుతోంది. టవర్ ఫ్యాన్ పక్కనే ఉంటుంది కనుక ఎంతో కొంత కదలిక ఉంటుంది. లిక్విడ్ వేస్తే సాకెట్ దగ్గర పంపు తప్ప ఏమీ ఉండదు. చవకరకం బీ660 బోర్డుల్లో వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ కూడా ఉండదు. అప్పుడు చిప్ 75లోనే ఉన్నా వీఆర్‌ఎం కాలి స్పీడు పడిపోతుంది. జనం ప్రాసెసర్ టెంపరేచర్ చూసుకుని, అంతా బాగానే ఉంది, స్లో ఎందుకైందని తల పట్టుకుంటారు.

నీళ్లకుండ
వీఆర్‌ఎం మాట నిజమే, కాదనను. కానీ మీరు పంపు బూచిని చూపించి భయపెడుతున్నారు. ఐదారేళ్ల వారంటీ ఉన్న మోడళ్లు ఇప్పుడు బోలెడు. నీళ్లను చల్లబరిచే రేడియేటర్‌ను పైన బిగించి గాలి బయటికి ఊదిస్తే చిప్ వేడి క్యాబినెట్‌లో తిరగకుండా నేరుగా పోతుంది. టవరైతే ఆ వేడంతా లోపలే వదులుతుంది, గ్రాఫిక్స్ కార్డు వేడితో కలిసి ఉడుకుతుంది. ఎడిటింగ్ పీసీలో రెండూ ఒకేసారి పనిచేస్తాయని మరిచిపోకండి.

వాట్ల_లెక్క
కొట్లాట ఆపి ముందు ఆయన్ను బయాస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగుల్లోకి) వెళ్లమనండి. చాలా బోర్డుల్లో పీఎల్1, పీఎల్2 అనే పవర్ హద్దులు ‘ఆటో’లో ఉంటాయి. ఆటో అంటే బోర్డు కంపెనీ ఇష్టం. ఎంఎస్‌ఐ బోర్డయితే మొదట్లోనే మీ కూలర్ ఏదని అడుగుతుంది. వాటర్ కూలర్ అని నొక్కామా, హద్దు 4096 వాట్లు పెడుతుంది! అంటే హద్దే లేదని. పీఎల్1, పీఎల్2 రెండూ 125 పెట్టి చూడండి. 180 నుంచి 125 అంటే వాట్లు దాదాపు మూడో వంతు తగ్గినట్టు, ఎక్స్‌పోర్ట్ టైం మాత్రం ఆ లెక్కన పెరగదు. చివరి కొద్దిపాటి స్పీడు కోసమే ఈ చిప్పులు అన్ని వాట్లు తాగుతాయి. పైసా ఖర్చు లేదు.

ఎడిటింగ్_పిచ్చోడు
చూశాను అన్నా. మా బోర్డులోనూ ఆటోలోనే ఉంది. 125 పెట్టినా పాత కూలర్‌తో 100కే వెళ్తోంది. 65కి దించితే 90 లోపల ఆగింది కానీ ఎక్స్‌పోర్ట్ బాగా నెమ్మదించింది. ఫ్యాన్ అరుపూ తగ్గలేదు. అంటే ఏదో ఒకటి కొనక తప్పదన్నమాట.

వాట్ల_లెక్క
అవును, ఆ చిన్న అల్యూమినియం ముద్దకు అంతకంటే శక్తి లేదు. డీప్‌కూల్ ఏకే400 లాంటి నాలుగు గొట్టాల టవర్ వేసి 125 దగ్గర ఉంచండి, మీ ఎండలోనూ నడుస్తుంది. హద్దు తీసేసి పూర్తిగా 180 నడపాలంటే మాత్రం నా ఓటు థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ లాంటి రెండు టవర్ల దానికి. లిక్విడ్ ఆ తర్వాత మాటే.

స్క్రూడ్రైవర్_అక్క
ఏది కొనాలో తేలినట్టుంది, బిగించేటప్పుడు చెడగొట్టుకోకుండా నాలుగు మాటలు చెప్తాను తమ్ముడూ.

కొనే ముందే డబ్బా మీద ఎల్‌జీఏ1700 (నీ ప్రాసెసర్ సాకెట్ పేరు) అని ఉందో లేదో చూడు. పాత ఇంటెల్ బోర్డుల్లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, నీ దాంట్లో 78. షాపులో పాత స్టాకు అంటగడితే బిగియదు. ఏకే400 ఎత్తు 155 మిల్లీమీటర్లు, నీ క్యాబినెట్ ఎంత ఎత్తు పడుతుందో కూడా చూసుకో. లేకపోతే గాజు తలుపు మూతపడదు.

పాతది తీసేముందు కాసేపు ఎక్స్‌పోర్ట్ నడిపి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసిన పేస్ట్ వేడిగా ఉండగా ఆపెయ్. కరెంటు ప్లగ్ తీసెయ్. నాలుగు మూలల పిన్నుల తలల్ని బాణం గుర్తు చూపించే వైపు తిప్పి పైకి లాగు. కూలర్‌ను ఒక్కసారిగా పీకకు, కొంచెం అటూ ఇటూ తిప్పితే పట్టు వదులుతుంది. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచెయ్.

కొత్తదానికి బోర్డు వెనక ప్లేటు వస్తుంది. క్యాబినెట్ కుడి తలుపు తీస్తే ట్రేలో కిటికీలాంటి ఖాళీ ఉంటుంది, బోర్డు ఊడదీయకుండా అక్కడి నుంచే పెట్టొచ్చు. ఒక చేత్తో ప్లేటు పట్టుకోకపోతే స్క్రూ పెట్టేలోపు జారి పడిపోతుంది. కూలర్ అడుగున అతికించిన ప్లాస్టిక్ పొర తియ్యి, మరిచిపోయేవాళ్లు చాలామంది. పేస్ట్ సన్నగా ఇంటూ మార్కులా వేస్తే చాలు, స్క్రూలు బిగించేటప్పుడు అదే పరుచుకుంటుంది. స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించు. ఒక పక్క పూర్తిగా బిగించాక రెండో పక్కకు పోతే కూలర్ వంకరగా కూర్చుంటుంది. ఫ్యాన్ వైరు సీపీయూ_ఫ్యాన్ అని రాసిన చోటే పెట్టు, లేదంటే ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ చూసి టెన్షన్ పడతావు.

ఎడిటింగ్_పిచ్చోడు
చాలా థ్యాంక్స్ అక్కా. యూట్యూబ్‌లో ఒకాయన సాకెట్ పట్టీ బదులు బిగించే కాంటాక్ట్ ఫ్రేమ్ కూడా వేసుకోవాలన్నాడు, అవసరమా?

స్క్రూడ్రైవర్_అక్క
అక్కర్లేదు. ఈ సాకెట్ పట్టీ ప్రాసెసర్‌ను మధ్యలో నొక్కి కాస్త వంచుతుందన్న మాట నిజం, ఫ్రేమ్ వేస్తే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి కూడా. కానీ అందుకు సాకెట్ పట్టీ విప్పాలి. కింద సన్నటి పిన్నులుంటాయి, ఒకటి వంగితే బోర్డు గతి అంతే. సాకెట్‌ను మారిస్తే వారంటీ వర్తించదని ఇంటెల్ కూడా చెప్పింది.

నీళ్లకుండ
సరే, టవరే వేయించండి. క్యాబినెట్ ముందు ఫ్యాన్లున్నాయా అని మాత్రం ఎవరూ అడగలేదు. అన్నా, ముందు వైపు జాలీయా, గాజా?

ఎడిటింగ్_పిచ్చోడు
మొత్తం గాజే బ్రో. వెనక ఒక ఫ్యాన్ ఉంది, ముందు ఖాళీ.

నీళ్లకుండ
చూశారా? ఆ గాజు వెనక టవర్ పెడితే వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. నేను లిక్విడ్ అన్నది ఊరికే కాదు.

సీటీసీ_పాతకాపు
ముందు గాలి రాని క్యాబినెట్‌లో పైన రేడియేటర్ పెట్టి ఏ గాలిని బయటికి ఊదిస్తావు తమ్ముడూ? లిక్విడ్‌కీ టవర్‌కీ తేడాగా మిగిలే నాలుగున్నర వేలలో జాలీ ముందున్న మామూలు క్యాబినెట్, రెండు ఫ్యాన్లు వచ్చేస్తాయి. గ్రాఫిక్స్ కార్డుకూ మేలే. ఎడిటర్ గారూ, కొత్తది కొనేదాకా ఆ ముందు గాజు ఊడదీసి ఒక ఎక్స్‌పోర్ట్ నడపండి, ముందూ తర్వాతా ఎంత చూపించిందో ఇక్కడ పెట్టండి.

ఎడిటింగ్_పిచ్చోడు
ఇప్పుడు ఒక రిసెప్షన్ వీడియో రెండర్ నడుస్తోంది, అది అవగానే చూస్తాను. టవర్ ఆర్డర్ పెట్టేశా, డబ్బా మీద ఎల్‌జీఏ1700 ఉంది అక్కా.