సినిమా లేని రీరికార్డింగా, జాజా? కమాసి వాషింగ్టన్ 'ఫియర్‌లెస్ మూవ్‌మెంట్' మీద చర్చ

రాత్రి_రేడియో:
2024 మే 3న వచ్చిన ఈ ఆల్బమ్ గురించి ఇక్కడ ఎప్పుడు మాటొచ్చినా అందరూ పొగడటమే. కాబట్టి కాస్త చేదు మాట నేనే అంటాను. తెలియనివాళ్ళ కోసం: కమాసి వాషింగ్టన్ లాస్ ఏంజెలెస్ శాక్సొఫోన్ వాద్యకారుడు. 2015లో 'ది ఎపిక్' అనే మూడు డిస్కుల ఆల్బమ్‌తో ఒక్కసారిగా పైకి వచ్చాడు. 32 మంది ఆర్కెస్ట్రా, 20 మంది కోరస్, దాదాపు మూడు గంటల నిడివి. అప్పటినుంచీ ఆయన పద్ధతి ఒకటే. చిన్న ట్యూన్ ఎత్తుకుంటాడు, కింద బరువైన బేస్ నడుస్తుంది, పెరిగి పెరిగి చివర్లో హోరు. హీరో స్లో మోషన్‌లో నడిచొస్తుంటే వేసే ఆర్ఆర్ (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) అది. తెర మీద హీరో ఉంటే సరే, ఇక్కడ హీరో ఏడి? అంతరిక్షం, ఫంక్ (బేస్ ఊపు మీద నడిచే నల్లజాతి అమెరికన్ డాన్స్ సంగీతం), సినిమా అన్నీ వచ్చి చేరేసరికి జాజ్ పలచబడిందని నా అభిప్రాయం. కాదంటే ఎందుకు కాదో చెప్పండి. "ఫీల్ అవ్వాలి బ్రో" లాంటివి వద్దు.

బేస్_బాబాయ్:
రాత్రి_రేడియో గారూ, మీరు తిడుతున్నది 'ది ఎపిక్'ని. దాని మీద కోపం దీని మీద తీర్చుకుంటున్నారు. ఆ కోరస్, ఆ వయొలిన్ల వరస ఇందులో బాగా తగ్గించేశాడు. ఇది డాన్స్ ఆల్బమ్ అని ఆయనే చెప్పుకున్నాడు, అయితే క్లబ్బులో స్టెప్పులేసే రకం కాదని కూడా అన్నాడు. బేస్, డ్రమ్స్, కీబోర్డు ముందుకొచ్చాయి. 'కంప్యూటర్ లవ్' వినండి. 1980ల మధ్యలో జాప్ అనే ఫంక్ బృందం టాక్ బాక్స్ (గొంతుని యంత్రంలా పలికించే పరికరం) పెట్టి చేసిన పాట అది. దాన్ని నిదానంగా నడిపించి, గాయని పాట్రీస్ క్విన్ చేత పాడించాడు. ఇందులో హోరు ఎక్కడుంది చెప్పండి? 'గెట్ లిట్'లో జార్జ్ క్లింటన్ ఉన్నాడు. ఈయన ఫంక్ బృందం పేరు 'పార్లమెంట్', అది 1975లో 'మదర్‌షిప్ కనెక్షన్' చేసి, తర్వాత కచేరీల్లో స్టేజి మీదకి అంతరిక్షనౌకనే దించింది. తర్వాత తయారుచేసిన దాని ప్రతిరూపం ఇప్పుడు స్మిత్‌సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది. అంటే ఫంక్‌కీ అంతరిక్షానికీ చుట్టరికం కమాసి పుట్టకముందే కలిసింది (ఆయన పుట్టింది 1981లో).

తార్నాక_ట్రంపెట్:
సినిమా కలిస్తే జాజ్ పలచబడ్తది అన్న మాట దగ్గర్నే నాకు పేచీ ఉంది భయ్యా. 1957 డిసెంబర్ల ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ పారిస్‌ల ఒక్క రాత్రిల ఫ్రెంచ్ డైరెక్టర్ లూయీ మాల్ సినిమాకి వాయించిండు. తెర మీద సీన్లు తిరుగుతుంటె చూసుకుంట వాయించుడే, ముందుగాల రాసుకున్నది చానా తక్కువ. 1959ల ఎలింగ్టన్ 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్'కి చేసిండు. 1966ల హెర్బీ హాన్‌కాక్ ఆంటోనియోని సినిమా 'బ్లో-అప్'కి చేసిండు. ఫంక్ సంగతంటవా, 1971ల 'షాఫ్ట్'కి ఐజాక్ హేస్ చేసిన టైటిల్ ట్రాక్ ఒకపారి పెట్టుకో. హై-హ్యాట్ (డ్రమ్స్ మీది జంట తాళాలు) ఆగకుంట నడుస్తది, వావా గిటార్ గీకుతనే ఉంటది, స్ట్రింగ్స్, హార్న్స్ ఒక్కొక్కటి వచ్చి కూసుంటయ్. మాటలు మొదలయ్యే సరికి పాట సగం దాటిపోతది. దానికి ఆస్కార్ వచ్చింది. తర్వాత 1972ల కర్టిస్ మేఫీల్డ్ 'సూపర్ ఫ్లై', 1973ల రాయ్ అయర్స్ 'కాఫీ'. కమాసి చదివిన బడి ఇదే. 2018ల 'హెవెన్ అండ్ ఎర్త్' మొదలుపెట్టిందే బ్రూస్ లీ సినిమా పాటతోని.

ఇగ హీరో ఏడి అన్నవ్. శని గ్రహం నుంచి వచ్చిన్నని చెప్పుకున్న జాజ్ బ్యాండ్ లీడర్ సన్ రా, 'స్పేస్ ఈజ్ ది ప్లేస్' అని 1974 సినిమాల తనే మెయిన్ రోల్ ఏసిండు. గాయనే హీరో, పో.

రాత్రి_రేడియో:
తార్నాక భాయ్, మీ మైల్స్ ఉదాహరణ నా వాదనకే పనికొస్తుంది. ఆ రాత్రి వాయించినవన్నీ చిన్న చిన్న ముక్కలు. సీన్ అయిపోయిందంటే సంగీతం ఆగాల్సిందే. తెర ఆయన చేతికి సంకెళ్ళు వేసింది, ఆ సంకెళ్ళలోంచే ఆ ఒంటరితనం పుట్టింది. కమాసి సినిమా దగ్గర నేర్చుకున్నది పెద్దతనం ఒక్కటే. కత్తెర నేర్చుకోలేదు. దర్శకుడు పక్కన కూర్చుని "ఇక్కడ ఆపు" అంటే ఈ ఆల్బమ్ ఇంకా బాగుండేది. 'రోడ్ టు సెల్ఫ్' పది నిమిషాలు దాటి సాగుతుంది, ఎందుకో నాకు అర్థం కాలేదు.

మనోధర్మం:
నేను కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నదాన్ని, జాజ్‌లో వినికిడి జ్ఞానమే. ఇద్దరి మీదా ఫిర్యాదు ఉందండీ.

మొదట రేడియో గారికి. నిడివి మీద కోపం దేనికి? ఈ తరహా జాజ్‌లో కార్డులు (కలిపి పలికించే స్వరాల గుంపులు) పెద్దగా మారవు, రెండింటి మీదే గంటసేపు ఉంటారు. శాక్సొఫోన్ వాద్యకారుడు ఫరో శాండర్స్ 1969లో చేసిన 'ది క్రియేటర్ హ్యాజ్ ఎ మాస్టర్ ప్లాన్' ముప్పై నిమిషాల పైనే, ఒక పక్క పట్టక రికార్డు తిప్పి వేసుకోవాల్సి వచ్చేది. అక్కడ చూడాల్సింది ఒకే చోట నిలబడి ఎంత చెప్పారన్నది. మనకి ఇది కొత్తేం కాదు, నెరవల్‌లో ఒక్క సాహిత్యం లైనే తీసుకుని రకరకాలుగా పాడతాం కదా.

ఇప్పుడు బాబాయ్ గారికి. నిలబడటం కాదు, కమాసి ఇబ్బంది వేరే చోట ఉంది. ఆయనకి ఎక్కడం వచ్చు, దిగడం మీద ధ్యాస లేదు. సోలో మొదలవుతుంది, పైకి పోతుంది, పై స్థాయిలో శాక్సొఫోన్ గొంతు చించుకుంటుంది, జనం ఈలలు వేస్తారు, వెంటనే ట్యూన్ అందుకుంటారు. ఆలాపనలో తారస్థాయికి చేరడం అందరూ చేస్తారు. అక్కడినుంచి కిందికి వచ్చేటప్పుడు ఏం దొరికిందో చూపించినవాడే విద్వాంసుడు. 'డ్రీమ్ స్టేట్' మాత్రం వేరు. రాపర్ ఆండ్రే 3000 ఫ్లూట్లు పట్టుకుని కూర్చుంటాడు, ఎవరూ ఎక్కడికీ పరిగెత్తరు. ఈ ఆల్బమ్‌లో నేను మళ్ళీ మళ్ళీ వినేది అదే.

ధర్మవరం_చెక్కభజన:
అందరూ మగోళ్ళ పేర్లే చెప్తాండారు. అంతరిక్షం అంటాండారే, ఆ కాస్మిక్ జాజ్‌కి అమ్మలాంటి ఆమె పేరు ఒక్కరూ ఎత్తల్యా. హార్ప్, పియానో వాయించిన ఆలిస్ కోల్ట్రేన్.

మాకు పుట్టపర్తి పక్కూరే. చిన్నప్పట్నించీ సాయి భజనలు విని పెరిగినోళ్ళం. ఒకరు లైను ఎత్తుకుంటారు, గుంపు అందుకుంటాది, కాసేపటికి వేగం పెరుగుతాది, మళ్ళా మెల్లగా దిగి ముగుస్తాది. ఆలిస్‌మ్మ సత్యసాయి బాబా భక్తురాలు. లాస్ ఏంజెలెస్ దగ్గర అగోరాలో 1983లో ఆశ్రమం పెట్టింది, తర్వాత దానికి సాయి అనంతం ఆశ్రమం అని పేరు పడింది. అక్కడ ఆదివారాలు భజనలు చేస్తాంటే, చర్చిలో పాడి పెరిగిన నల్లజాతి గొంతులు మన కీర్తనలు అందుకునేవి. కింద ఆమె ఆర్గన్, సింథసైజర్. ఆ క్యాసెట్లు ఆశ్రమంలోనే అమ్మేవాళ్ళు. 2017లో ల్యుయాకా బాప్ అనే రికార్డు కంపెనీ వాళ్ళు వాటిలోంచి ఏరి ఆల్బమ్‌గా వేసినాకనే లోకానికి తెలిసింది. 2018 నవంబర్ కార్చిచ్చులో ఆశ్రమం కాలిపాయ.

ఇప్పుడు మీ గొడవకి వస్తా. 1972లో ఆమె 'ఇన్ఫినిటీ' అని ఆల్బమ్ తెచ్చింది. పోయిన భర్త, శాక్సొఫోన్ మహానుభావుడు జాన్ కోల్ట్రేన్ రికార్డింగుల మీద స్ట్రింగ్స్, హార్ప్, తంబూరా చేర్చింది. జాజ్ విమర్శకులు మీద పడినారు. మహానుభావుడి సంగీతాన్ని పాడు చేసిందని, అది జాజే కాదని. రేడియో అన్న ఈ పొద్దు అంటాండేది అదే మాట, యాభై ఏండ్లు దాటినా మారల్యా. 'ది ఎపిక్' వేసిన బ్రెయిన్‌ఫీడర్ లేబుల్ ఎవురిదో తెలుసా? ఫ్లయింగ్ లోటస్ అనే సంగీతకారుడిది. ఆలిస్‌మ్మకి మనవడి వరస.

రాత్రి_రేడియో:
చెక్కభజన అన్నా, ఆలిస్ ప్రస్తావన తెచ్చినందుకు దండం. కానీ ఆ పోలిక కుదరదు. 'ఇన్ఫినిటీ'లో ఆ స్ట్రింగ్స్ వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది, ఎటు పోతాయో తెలీదు, కొన్నిచోట్ల శ్రుతి అంచు మీద నడుస్తాయి. వినేవాడికి ఆమె సుఖం ఇవ్వలేదు. కమాసి స్ట్రింగ్స్ వాడినప్పుడు ముందే తెలిసిపోతుంది, ఇదిగో ఇప్పుడు కళ్ళు తడవాలి అని. నేను ఆక్షేపించేది ఆ పని చేసే తీరుని. వాయిద్యాలు ఏవైనా నాకు ఒకటే.

బే_ఏరియా_బుజ్జి:
ఇక్కడ కచేరీలో చూసినదాన్ని కాబట్టి ఒక మాట. ఈ బృందం ఆడిటోరియంలో పెరగలేదు. వెస్ట్ కోస్ట్ గెట్ డౌన్ అని వాళ్ళ గుంపు, హాలీవుడ్‌లో పియానో బార్ అనే చోట వాయించేవాళ్ళు. అక్కడి జనం తాగడానికి, కబుర్లకి వచ్చేవాళ్ళు. వాళ్ళ తల ఇటు తిప్పించాలంటే ఊపు కావాలి, గట్టి ట్యూన్ కావాలి, చివర్లో హోరు కూడా కావాలి. మనోధర్మం గారు చెప్పిన "ఎక్కడం" అక్కడినుంచి వచ్చిందని నా అనుమానం. కచేరీలో కమాసి వాళ్ళ నాన్న రికీ వాషింగ్టన్ పక్కనే నిలబడి ఫ్లూట్ అందుకుంటారు, ఆ నిమిషంలో విశ్లేషణలేవీ గుర్తుకురావు. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే మాత్రం రేడియో గారి బాధ నాకూ కొంచెం అర్థమవుతుంది.

బేస్_బాబాయ్:
సినిమా గొడవ గురించి చివరి ట్రాక్ 'ప్రోలోగ్' చూడండి, అందరూ దాన్ని వదిలేశారు. అది అర్జెంటీనా సంగీతకర్త ఆస్టర్ పియాజోలా రాసిన టాంగో (అక్కడి జంట నాట్య సంగీతం). మొదట రాసింది డాన్స్ నాటకం కోసం. తర్వాత 1997లో హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కార్-వై తన సినిమా 'హ్యాపీ టుగెదర్'లో వాడుకున్నాడు, లోకంలో చాలామందికి అక్కడే పరిచయం. ఇప్పుడు కమాసి దాన్ని డ్రమ్స్ హోరులోకి తెచ్చి, టాంగో నడకంతా విప్పేసి, వేగంగా వాయించాడు. నాటకం నుంచి సినిమాకి, సినిమా నుంచి జాజ్‌కి. పలచబడిందా? నాకైతే ఆల్బమ్ మొత్తంలో ఎముక ఉన్న ట్రాక్ అదే.

రాత్రి_రేడియో:
ఒప్పుకుంటాను, అది అద్భుతం. ఎందుకంటే ట్యూన్ పియాజోలాది. దానికి మొదలూ తుదీ ఆయనే పెట్టేశాడు. సొంత ట్యూన్‌కి కమాసి ఆ తుది పెట్టుకోలేకపోతున్నాడు.

తార్నాక_ట్రంపెట్:
అట్లయితె నీకు కావల్సిన కత్తెర పడ్డ పని కూడ ఒకటి ఉన్నది. 2025ల జపాన్ డైరెక్టర్ షినిచిరో వతనాబే 'లాజరస్' అనిమే (యానిమేషన్ సిరీస్) వచ్చింది. దానికి మ్యూజిక్ కమాసి, ఎలక్ట్రానిక్ సంగీతం చేసే బొనోబో, ఫ్లోటింగ్ పాయింట్స్ చేసిన్రు. ఓపెనింగ్ 'వోర్టెక్స్' కమాసిదే. టైటిల్స్ పడే నిడివిల బేస్ లైన్ వస్తది, హార్న్స్ వస్తయ్, అయిపోతది. విని చెప్పు భయ్యా.

రాత్రి_రేడియో:
విన్నాను. బాగుంది. నేను మొదటినుంచీ అంటున్నది అదే కదా!

మనోధర్మం:
కాదండీ, అది బాగుంటే మీ మొదటి వాదన పోయినట్టు. సినిమా కలిస్తే పలచబడుతుందన్నారు. ఇప్పుడు తెర ఉంటేనే చిక్కబడుతుందంటున్నారు. రెంట్లో ఒకటి ఎంచుకోండి.

రాత్రి_రేడియో:
సినిమా వేరు, సినిమా భ్రమ వేరు. మొదటిది అడ్డం వస్తుంది, అందుకని మంచిది. రెండోది దేనికీ అడ్డం రాదు.

ధర్మవరం_చెక్కభజన:
భ్రమ అంటే ఎట్లన్నా? 'ఆశా ది ఫస్ట్' ట్యూన్ ఆయన చిన్న కూతురు పియానో మీద వాయించుకుంటాంటే దొరికిందంట. దాన్ని పట్టుకుని థండర్‌క్యాట్ బేస్ ఎట్ల పరిగెత్తిస్తాడో ఇను. అందులో ఏ సినిమా ఉండాది?

కొత్తగా_వచ్చా:
అన్నలూ, అక్కలూ, నేను జాజ్ అసలు వినలేదు. ఇళయరాజా ఆర్ఆర్‌లు అంటే ప్రాణం. ఇందులో ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రాత్రి_రేడియో:
'ప్రోలోగ్'తో మొదలుపెట్టు తమ్ముడూ. దాంతోనే ఆపెయ్.

బేస్_బాబాయ్:
ఈయన మాట వినకు. 'కంప్యూటర్ లవ్' పెట్టుకో, రాత్రిపూట, కాస్త బేస్ వచ్చే స్పీకర్ మీద. ఫోన్ స్పీకర్ మీద వినే పనైతే అసలు వద్దు.