తిరుపతిలో క్లావికార్డ్ కచేరీ: మైక్ పెట్టాలా, వద్దా?

ప్రశ్న (బైరాగిపట్టెడ, తిరుపతి): నమస్కారం. నా దగ్గర పాతకాలపు నమూనా ప్రకారం చేయించిన చిన్న క్లావికార్డ్ (పియానోకన్నా పాతదైన, తీగలున్న కీబోర్డు వాద్యం) ఉంది, 45 కీలు. వచ్చే నెల దాని మీద ఫ్రోబెర్గర్ రచనలు వాయించాలని ఉంది. ఇక్కడ పియానో నేర్చుకునే పిల్లలకు జర్మన్ స్వరకర్త బాఖ్ తెలుసు. బాఖ్ పుట్టకముందే, 1667లో పోయిన ఈ వియన్నా ఆస్థాన విద్వాంసుడి పేరు కూడా వినలేదు. నాకది బాధగా ఉంటుంది. 1654లో చిన్న వయసులోనే చనిపోయిన చక్రవర్తి కొడుకు నాలుగో ఫెర్డినాండ్ కోసం ఆయన రాసిన విలాపం చూడండి. చివర్లో స్వరాలు ఒక్కొక్కటే పైకెక్కుతూ పోయి, అందనంత ఎత్తులో ఆగిపోతాయి. ఆ ప్రాణం స్వర్గానికి వెళ్తోందన్న మాట. మన ఊరివాళ్ళు అది వినాలి.

చిక్కల్లా శబ్దంతోనే. కీ నొక్కితే దాని చివరనున్న ఇత్తడి రేకు తీగను తాకి, వేలు తీసేదాకా అక్కడే ఆని ఉంటుంది. ధ్వని చాలా సన్నం. ఫ్యాన్ తిరుగుతుంటే సగం వినపడదు. దొరికిన హాలేమో నూటయాభై మంది పట్టేది. మైక్ పెడితే దాని గుణమే పోతుందేమోనని టెన్షన్.

వీణ టీచర్, చిత్తూరు: వీణకు కాంటాక్ట్ మైక్ (వాద్యానికే అంటించేది) మాకు అలవాటే. మీ వాద్యానికి మాత్రం వద్దండీ, కీల టకటక కూడా పెద్దదవుతుంది. కీ మీద ఒత్తిడి పెంచి తగ్గించి స్వరాన్ని ఊపుతారు కదా, అది దగ్గర కూర్చుంటేనే తెలుస్తుంది. గమకం విని పెరిగిన చెవులకు వెంటనే పట్టుబడుతుంది. ఇంట్లో పెట్టి పాతికమందిని పిలవండి.

సౌండ్ పని చేసేవాణ్ణి, కొర్లగుంట: హాలే కావాలంటే సన్నని శబ్దాన్ని కూడా పట్టే కండెన్సర్ మైకులు రెండు వాద్యానికి కాస్త పైన పెట్టండన్నా. వాల్యూమ్ బాగా తక్కువ. ఏసీ, ఫ్యాన్లు ఆపించాలి. ముహూర్తాలున్న రోజు మాత్రం వద్దు, వీధిలో బ్యాండ్ వస్తే అంతే సంగతి.

మరొకరు: ఎలక్ట్రానిక్ కీబోర్డులో హార్ప్సికార్డ్ సౌండ్ ఉంటుంది కదా సార్?

అడిగినవారు: ఉంటుందండీ. కానీ హార్ప్సికార్డ్ వేరే పాత కీబోర్డు వాద్యం, అది తీగను మీటుతుంది, గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ధ్వని దాదాపు ఒకటే. ఈ విలాపాన్ని తాళానికి బిగించకుండా, ఒక్కో స్వరాన్నీ వేలితో పెంచుతూ తగ్గిస్తూ వాయించాలని నా ఆశ. అందుకే ఈ వాద్యం. హాలు వద్దనుకున్నాను. మేడ మీద గదిలో, ఆటోలు మొదలవకముందే, పొద్దున ఆరింటికి. మేడమ్, చిత్తూరు నుంచి మీరు తప్పకుండా రావాలి. ముందు వరుసలో కూర్చోబెడతాను.