బైపోలార్ ఉన్నవాళ్లకు ట్రామా పీడకలలు: ఐఆర్‌టీ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న – కౌన్సెలర్_బెజవాడ
నా క్లయింట్‌కి బైపోలార్ టైప్ 1, లిథియం (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) మీద ఆరు నెలలుగా మూడ్ నిలకడగానే ఉంది. పాత రోడ్డు ప్రమాదం తాలూకు పీడకలలు మాత్రం వారానికి నాలుగైదు రాత్రులు. కల వస్తుందన్న భయంతో ఒంటిగంట దాకా పడుకోరు. పీడకలను మార్చి రాయించి, ఆ కొత్త కలను పగలు మనసులో సాధన చేయించే ఇమేజరీ రిహార్సల్ థెరపీ (ఐఆర్‌టీ) మొదలుపెడితే మేనియా (మితిమీరిన ఉత్సాహపు దశ) తిరగబెడుతుందా? మామూలు పద్ధతిలో ఏం మార్చుకోవాలి?

పగటికల
భయపడాల్సింది థెరపీ గురించి కాదండీ, ఆ ఒంటిగంట గురించి. నిద్ర తగ్గడమే మేనియాకు దారి తీస్తుంది. అందుకే మొదటి రెండు వారాలు డైరీ ఒక్కటే: పడుకున్న, లేచిన వేళలు, కలల సంఖ్య, మూడ్ −5 (బాగా కుంగుబాటు) నుంచి +5 (మితిమీరిన ఉత్సాహం) దాకా.

తర్వాత కల ఎంపిక. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. ప్రమాదాన్ని ఉన్నదున్నట్టు చూపించే కలనే ముందు పట్టుకుంటారు. వద్దు. భయం 100కి 40–50 ఉండే కల తీసుకోండి. దాన్ని ఒక్కసారి క్లుప్తంగా రాయించి పక్కన పెట్టేయండి. ఇక మార్పు ఆయన ఇష్టం, మీరు అందించకూడదు. లారీ ఎదురొచ్చే బదులు బండి టీ కొట్టు దగ్గర ఆగినా చాలు. ఆ కొత్త కలను ఇప్పుడే జరుగుతున్నట్టు రాయించి, రోజూ పగటిపూట 10–20 నిమిషాలు కళ్లముందు నడిపించమనండి. పాత కలను రిహార్సల్ చేయకూడదు. వారానికి రెండు కలలు మించొద్దు.

కొత్త కలలో ఆయన ఊరంతటినీ కాపాడే వీరుడైపోయి, గంటన్నరసేపు ఉత్సాహంగా రాస్తూ కూర్చుంటే సంతోషించకండి. అది మేనియా మొదలు కావచ్చు, ముందు మూడ్ చూడండి.

మందులచీటీ
థెరపీకి ముందు మందుల చీటీ చూడండి. లిథియం వల్ల చేతులు వణుకుతుంటే ప్రొప్రనలాల్ ఇవ్వడం మామూలే. పీడకలలు తెప్పించే మందుల్లో అదొకటి. పీటీఎస్‌డీ (ట్రామా తర్వాత వచ్చే మానసిక సమస్య) అని డిప్రెషన్ మందు సెర్ట్రలిన్ చేర్చితే మేనియా వైపు తిప్పే ప్రమాదం ఉంది. పీడకలలకు ఇచ్చే బీపీ మందు ప్రజోసిన్ కొందరికి పనిచేస్తుంది గానీ, 2018లో మాజీ సైనికుల మీద వచ్చిన పెద్ద ట్రయల్‌లో ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) కన్నా మెరుగనిపించలేదు. దానితోపాటు మూడ్ మందు క్వెటియాపిన్ కూడా వాడుతుంటే లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. ఇంకో మూడ్ మందు ఒలాంజపిన్‌తో బరువు పెరిగి గురక పెడుతుంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) పరీక్ష చేయించండి. ఏ మందైనా మార్చేది సైకియాట్రిస్టే, మనం కాదు.

కౌన్సెలర్_బెజవాడ
ప్రొప్రనలాల్ ఉంది! డాక్టరుగారితో మాట్లాడతాను. నిద్రలేమికి స్లీప్ రిస్ట్రిక్షన్ (మంచం మీద గడిపే సమయాన్ని కుదించడం) కలపొచ్చా? ఇంకొకటి, కల వల్ల నిద్ర చెడిందా, మేనియా మొదలైందా ఎలా తెలుస్తుంది?

పగటికల
మామూలు నిద్రలేమికి మంచం మీద ఉండే సమయాన్ని ఐదు గంటల దాకా కుదిస్తారు. ఇక్కడ ఆరున్నర గంటల కన్నా తక్కువ చేయకండి. దానికన్నా రోజూ ఒకే వేళకు లేవడం గట్టిగా పట్టుకోండి. పడుకునే వేళను వారానికి పావుగంట చొప్పున త్వరగా అయ్యేలా జరపండి.

రెండో దానికి ఉదయం అడగండి. కల వల్ల నిద్ర చెడితే మనిషి నీరసంగా ఉంటారు, మళ్లీ పడుకోవాలనుకుంటారు. నాలుగు గంటలే పడుకుని హుషారుగా లేచి, మాట వేగం పెరిగితే ఐఆర్‌టీ ఆపి అదే రోజు సైకియాట్రిస్ట్‌కి ఫోన్ చేయండి.

పీడకలలు తరచుగా వచ్చేవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు కూడా ఎక్కువే. ప్రతి సెషన్‌లో నేరుగా అడగండి. రాత్రిళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 రాసివ్వండి, తెలుగులో మాట్లాడతారు.